వేడెక్కింది ఇంజినా, తప్పు చెబుతున్నది సెన్సారా?

బండి బాగోగులు: పాఠకుల ప్రశ్నలు, ఆటో ఎలక్ట్రీషియన్ జవాబులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా విజయవాడ ఆటోనగర్‌లో ఆ రోజుల్లో రేడియేటర్లు పగులుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టెంపరేచర్ గురించే. వాటిలో డీజిల్ ఇంజిన్లవి ఏరి జవాబులు రాస్తున్నాను. ఒకే రకం ప్రశ్న పంపినవాళ్లు పక్కవాళ్ల జవాబులో తమది వెతుక్కోండి.

ప్రశ్న: మేస్త్రి గారూ, నాది బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే కొత్త ప్రమాణం) లారీ. జగ్గయ్యపేట నుంచి సిమెంటు తోలుతుంటాను. కొన్నాళ్లుగా ఇంజిన్ వేడెక్కకముందే ఫ్యాన్ హోరుమని తిరుగుతోంది. వార్నింగ్ లైటు వెలుగుతోంది, పికప్ తగ్గింది, డీజిల్ ఎక్కువ తాగుతోంది. స్కానర్ పెట్టి చూసి కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) సెన్సార్ కోడ్ వచ్చిందన్నారు. మార్చాం. వారం బాగుంది, మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడేమో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయిందంటున్నారు. దాని ధర వింటే నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు? (లారీ యజమాని, జగ్గయ్యపేట)

జవాబు: ఈసీయూ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. సెన్సార్ మార్చాక వారం బాగుందని రాశారు చూశారా, మీ ఉత్తరంలో పనికొచ్చే ముక్క అదే. సెన్సార్ మార్చేటప్పుడు కప్లర్ (వైరు చివర సెన్సార్‌కు తగిలించే ప్లగ్గు) పీకి మళ్లీ గట్టిగా నొక్కి ఉంటారు. ఆ రాపిడికి లోపలి పిన్నులు కాస్త శుభ్రమై ఉంటాయి. గతుకుల్లో వారం తిరిగాక మళ్లీ వదులై ఉంటాయి. నా అనుమానం కప్లర్ మీద, లేదంటే దానికి మూరెడు దూరంలో ఉన్న వైరు మీద.

ముందు మీ మెకానిక్‌ను ఒక మాట అడగండి: ఏ కోడ్ వచ్చింది? "కూలెంట్ సెన్సార్ కోడ్" అంటే కుదరదు, నంబరు కావాలి. లారీల్లో లోపం దేనిదో చెప్పే నంబరును ఎస్‌పీఎన్ అంటారు, కూలెంట్ టెంపరేచర్‌కు అది 110. దాని పక్కనే ఎఫ్‌ఎంఐ అని, లోపం ఏ రకమో చెప్పే ఇంకో చిన్న అంకె ఉంటుంది. చాలామంది ఆ అంకె చూడకుండానే స్కానర్ కట్టేస్తారు. అది 3 అయితే వోల్టేజీ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉందని, అంటే వైరు తెగి ఉండాలి లేదా పిన్ను అందకుండా ఉండాలి. 4 అయితే వోల్టేజీ పడిపోయిందని, అంటే వైరు ఎక్కడో ఎర్త్ అవుతోంది. 2 అయితే రీడింగ్ నిలకడగా లేదని. 0 గానీ 16 గానీ ఉంటే మాత్రం సెన్సార్‌ను తిట్టుకోకండి. ఇంజిన్ నిజంగానే వేడెక్కుతోందని అది చెబుతోంది, అప్పుడు చూడాల్సింది రేడియేటర్, కూలెంట్, ఫ్యాన్. కార్లు, చిన్న పికప్‌లలో ఇదే సంగతి పీ0118, పీ0117 అని వస్తుంది. మొదటిది వోల్టేజీ ఎక్కువైనందుకు, రెండోది తక్కువైనందుకు.

ఆ సెన్సార్ లోపల ఉండేది చిన్న థర్మిస్టర్. వేడి పెరిగేకొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఎక్కువగా వాడే బాష్ రకంలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 దగ్గర 320, 100 దగ్గర 190 లోపు చూపిస్తుంది. ఈసీయూ 5 వోల్టులు పంపి, అందులో సెన్సార్ దగ్గర ఎంత మిగిలిందో చూసి డిగ్రీలు లెక్క కడుతుంది. వైరు తెగితే 5 వోల్టులూ అలాగే ఉండిపోతాయి, స్కానర్‌లో మైనస్ 40 వస్తుంది. రెండు వైర్లూ కలిసిపోతే సున్నా అవుతుంది, స్కానర్‌లో 130 దాటి కనిపిస్తుంది. ఈ రెండింటినీ ఈసీయూ నమ్మదు. ఎందుకైనా మంచిదని ఫ్యాన్‌ను పూర్తిగా తిప్పి, ఇంజిన్ పవర్ తగ్గించేస్తుంది. మీకు వినిపించే హోరు అదే. అంత పెద్ద ఫ్యాన్ అస్తమానం తిరిగితే దానికయ్యే డీజిల్ మీ జేబులోంచే పోతుంది.

ఇప్పుడు చేయాల్సింది. రాత్రంతా బండి ఆపి ఉంచండి. తెల్లవారి సెల్ఫ్ కొట్టకుండా కీ మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో లైవ్ డేటా చూడండి. కూలెంట్, లోపలికి వెళ్లే గాలి, డీజిల్, వీటి టెంపరేచర్లలో మీ బండిలో ఏవి కనిపిస్తే అవన్నీ. చల్లారిన ఇంజిన్లో అన్నీ ఇంచుమించు ఒకే అంకె చూపాలి. మిగతావి 29, 30 అంటుంటే కూలెంట్ ఒక్కటే 12 అంటోందనుకోండి, దొంగ దొరికినట్టే. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఎండ పొడ తగలకముందే చేయాలి.

తర్వాత కప్లర్ పీకండి. స్కానర్‌లో మైనస్ 40 రావాలి. చిన్న వైరు ముక్కతో కప్లర్‌లోని రెండు పిన్నులూ కలపండి. 130 పైకి ఎగబాకాలి. రెండూ జరిగితే కప్లర్ దాకా వైరింగూ ఈసీయూ బాగున్నట్టే, గొడవ సెన్సార్‌లోనో పిన్ను పట్టులోనో ఉంది. ఏమీ కదలకపోతే కప్లర్ దగ్గర 5 వోల్టులు వస్తున్నాయో లేదో మీటర్ పెట్టి చూసి, రాకపోతే అక్కడి నుంచి వైరు పట్టుకుని వెనక్కి వెళ్లాలి. ఒక్క జాగ్రత్త. ఈ వైరు ముక్క పని రెండు పిన్నుల సెన్సార్‌కే. టర్బో గాలి ప్రెషర్, టెంపరేచర్ కలిపి చూసే సెన్సార్‌కు నాలుగు పిన్నులుంటాయి. అందులో ఒకటి 5 వోల్టుల సప్లయి. ఏది ఏదో తెలియకుండా అక్కడ వైరు పెట్టొద్దు.

కప్లర్ లోపల టార్చి వేసి చూడండి. పచ్చగా చిలుం పట్టి ఉంటే దాని సంగతి మల్టీమీటర్ కంటే మీ కళ్లే ముందు చెబుతాయి. పాత సెన్సార్ పారేయకుండా ఉంచారా? దాని పిన్నును కప్లర్‌లో దూర్చి లాగండి. కాస్త పట్టుగా రావాలి. జారిపోతే ఆ పిన్ను విచ్చుకుంది. మల్టీమీటర్ లావు ముల్లును ఆ సన్న రంధ్రంలో కుక్కి విచ్చుకునేలా చేసేది చాలాసార్లు మెకానిక్కులే. మీది సిమెంటు బండి కూడాను. దుమ్ము పట్టిందని ప్రెషర్ గన్‌తో ఇంజిన్ మీద నీళ్లు కొట్టిస్తే తడి నేరుగా కప్లర్లలోకి వెళుతుంది.

చిలుంతో ఒక చిక్కుంది. పిన్నుల మధ్య అదనంగా ఓ 100 ఓమ్‌లు చేరాయనుకోండి. చల్లటి ఇంజిన్లో 2,500కు 100 కలిస్తే ఎవరికీ కనిపించదు, పొద్దున పరీక్షలో బాగానే ఉన్నట్టు తేలుతుంది. 90 డిగ్రీల దగ్గర సెన్సార్ ఉండేదే సుమారు 240. దానికి 100 కలిస్తే ఈసీయూకు 78 డిగ్రీల్లా కనిపిస్తుంది. అంటే ఇంజిన్ వేడెక్కాకే తప్పు బయటపడుతుంది, అదీ ఉన్న వేడి కంటే తక్కువ చూపిస్తూ. తడి వల్ల పిన్నుల మధ్య లీకేజీ ఉంటే దీనికి తలకిందులు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వేడి చూపి, ఇంజిన్ కాగాక సర్దుకుంటుంది. అందుకే పొద్దున ఒకసారి, లోడుతో తిరిగొచ్చాక ఒకసారి చూడండి. రెండోసారి చూసేటప్పుడు ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాన్‌కు, బెల్టుకు దూరంగా నిలబడి వైరింగ్‌ను కొద్దికొద్దిగా కదుపుతూ పోండి. ఎక్కడ పట్టుకున్నప్పుడు అంకె గెంతితే అక్కడే విప్పండి. సాధారణంగా క్లాంపు కింద రాసుకుని పొర లేచిపోయి ఉంటుంది.

ఇంకో మాట. కొత్తగా వేసిన సెన్సార్ ఎక్కడిది? మరలు సరిపోయినంత మాత్రాన ఓమ్‌లు సరిపోవు. కంపెనీ పార్ట్ నంబరుతో సరిచూడండి. "మార్చి చూద్దాం" అనేవాడి దగ్గర మీ డబ్బుకు లెక్క ఉండదు.

ప్రశ్న: మాది పాత డీజిల్ వ్యాన్. టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా వెళుతోంది. విచిత్రంగా ట్యాంకులో సగమే డీజిల్ ఉన్నా ఆ ముల్లూ ఫుల్ చూపిస్తోంది. రేడియేటర్‌లో నీళ్లు బాగానే ఉన్నాయి, కాగడం లేదు. (ఏలూరు)

జవాబు: రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చెబితే సెన్సార్లను వదిలేయండి. రెండూ ఒకే రోజు పాడవడం అరుదు. పాత బండ్లలో మీటర్ బోర్డు వెనక చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ ఉంటుంది, రెండు గేజులకూ కరెంటు దాని నుంచే. అది పోతే బ్యాటరీ వోల్టేజీ నేరుగా వచ్చి రెండు ముళ్లూ పైకి పోతాయి. స్టెబిలైజర్‌కూ, మీటర్ బోర్డుకూ ఎర్త్ సరిగా ఉందో లేదో ముందు చూడండి. చాలాసార్లు ఒక స్క్రూ బిగిస్తే సరిపోతుంది. పాత బండ్లలో సెన్సార్‌కు ఒక్కటే వైరు, ఎర్త్ ఇంజిన్ బాడీ నుంచి వస్తుంది. లీకేజీ ఆపాలని దాని మరలకు ప్లంబర్ల తెల్ల టేపు దట్టంగా చుడితే ఎర్త్ దెబ్బతిని ముల్లు తక్కువ చూపిస్తుంది. మీది ఎక్కువ చూపిస్తోంది కాబట్టి ఇది మీకు కాదు, చదివే మిగతావాళ్లకు.

ప్రశ్న: మేస్త్రి గారూ, రొయ్యల చెరువులు చేస్తున్నాం. కరెంటు పోయిన రాత్రుల్లో ఏరేటర్లు (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) జనరేటర్ మీదే తిరగాలి. ఈమధ్య జనరేటర్ "హై వాటర్ టెంపరేచర్" అని చూపించి ఆగిపోతోంది. మా ఊరి మెకానిక్ ఇంజిన్ మీద ఒక వైరు పీకి వదిలేశాడు. ఇప్పుడు ఆగడం లేదు. ఇలా నడపొచ్చా? (ఆక్వా రైతు, కైకలూరు దగ్గర)

జవాబు: నడపొద్దు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా తగ్గి ఉంటుంది. ఆ వేళ జనరేటర్ ఆగితే మీకెంత టెన్షనో తెలుసు. మీ మెకానిక్ కూడా ఆ టెన్షన్ చూసి వైరు పీకి ఉంటాడు. ఆ వైరు పోయేది వేడి స్విచ్చికి. ఇప్పుడు రాత్రి ఫ్యాన్ బెల్టు తెగినా, గొట్టం పగిలినా ఇంజిన్‌ను ఆపేవాడు లేడు. హెడ్ వంగి, పిస్టన్లు పట్టేసి అదే ఆగుతుంది. అప్పుడు రొయ్యలతో పాటు ఇంజినూ పోతుంది. ఈ రాత్రికి ఇంకో జనరేటర్ అద్దెకు తెచ్చి పక్కన పెట్టుకోండి, రేపు పగలు కింద రాసినవి చూడండి.

ఎప్పుడు ఆగుతోందో గమనించారా? లోడు పడి కొంతసేపు నడిచాక, ప్రతిసారీ దాదాపు అంతే సమయానికి ఆగితే నిజం వేడే. స్టార్ట్ చేసిన వెంటనే, లేదా ఒకసారి అలా ఒకసారి ఇలా ఆగితే వైరో స్విచ్చో. నిజం వేడికి మీ వైపు ఎక్కువగా చూసే కారణం షెడ్డు. జనరేటర్‌ను చుట్టూ రేకులు కొట్టి బంధిస్తారు. రేడియేటర్ ఊదే వేడి గాలి బయటికి పోయే దారి లేక, చుట్టూ తిరిగి మళ్లీ అదే రేడియేటర్‌లోకి వెళుతుంది. ఒక పూట రేకులు తీసి, లోడు పెట్టి నడిపి చూడండి. ఆగకపోతే సెన్సార్ బేరం అక్కర్లేదు, వేడి గాలిని బయటికి పంపే డక్టు కట్టించండి. రేడియేటర్ రెక్కల మధ్య దుమ్ము, నూనె కలిసి గడ్డకట్టి ఉంటుంది, అది కూడా చూడాలి. ఇంజిన్ చల్లారాకే మూత తీసి కూలెంట్ మట్టం చూడండి. వేడి మీద మూత తీస్తే ఒళ్లు కాలుతుంది.

చాలా జనరేటర్లలో అంకె చూపించే సెన్సార్ వేరు, ఇంజిన్ ఆపే స్విచ్చి వేరు. ప్యానెల్ 82 అంటూనే "హై" అని ఆగిపోతే రెండింటిలో ఒకటి తప్పు. మీ మెకానిక్ వైరు పీకితే ఆగడం మానేసిందంటే మీది వేడెక్కినప్పుడు ఎర్త్‌కు కలిసే రకం స్విచ్చి. ఆ వైరు ఎక్కడైనా ఇంజిన్ బాడీకి రాసుకుని పొర లేచినా ప్యానెల్‌కు వేడెక్కినట్టే కనిపిస్తుంది. ఉప్పు నీటి గాలికి టెర్మినల్ తుప్పు పట్టి, తడి పేరుకుని కూడా ఇలా జరుగుతుంది.

స్విచ్చి తేల్చుకోవాలంటే విప్పి, దాని మీద చెక్కిన డిగ్రీలు చదవండి. గిన్నెలో నీళ్లు పెట్టి, స్విచ్చి ముక్కు మాత్రం మునిగేలా తీగతో వేలాడదీసి, బాడీకీ టెర్మినల్‌కూ మల్టీమీటర్ పెట్టి, వంటింటి థర్మామీటర్ పక్కన ఉంచి కాచండి. 95 అని రాసి ఉన్నది 80కే కలిస్తే పోయినట్టు. 103 అని ఉంటే మాత్రం మరిగే నీళ్లలో కలవకపోవడమే సరైనది. నీళ్లు 100 దాటవు కదా, దాన్ని చూసి పాడైందని పారేయకండి.

ఇది కూడా గుర్తుంచుకోండి. స్విచ్చి అయినా సెన్సార్ అయినా దాని ముక్కు నీళ్లలో మునిగి ఉంటేనే పనిచేస్తుంది. కూలెంట్ అంతా కారిపోతే అది ఆవిరిలోనో గాలిలోనో ఉండిపోయి, ఇంజిన్ కాలిపోతున్నా ముల్లు కిందే ఉండొచ్చు. కూలెంట్ మట్టం పడిపోతే ఆపే స్విచ్చి కూడా కొన్ని ప్యానెల్స్‌కు పెట్టుకోవచ్చు. అంత విలువైన పంట దాని మీద ఆధారపడినప్పుడు పెట్టించుకోవడమే నయం.

ప్రశ్న: టెంపరేచర్ గన్ (తాకకుండానే వేడి కొలిచే పరికరం) కొన్నాను. మీటర్లో 88 ఉంటే గన్ 55 చూపిస్తోంది. ఏది నమ్మాలి? (గుంటూరు)

జవాబు: మెరిసే అల్యూమినియం మీద కొట్టారు కదూ? మెరిసే లోహం మీద గన్ చాలా తక్కువ చూపిస్తుంది. సెన్సార్ బిగించిన చోట ఓ అంగుళం నల్ల ఇన్సులేషన్ టేపు అతికించి, కాసేపు ఆగి, గన్‌ను దగ్గరగా పెట్టి టేపు మీద కొట్టండి. ఎర్ర చుక్క ఉన్నంత చోటే కొలుస్తుందనుకోకండి, దూరం జరిగేకొద్దీ అది కొలిచే జాగా పెద్దదవుతుంది. టేపు మీద మీటర్ కంటే కొన్ని డిగ్రీలు తక్కువ వస్తే మామూలే, లోపల నీళ్ల వేడి పైకి కొంత తగ్గే వస్తుంది. ముప్పై తేడా వస్తే ఆలోచించాలి.

ప్రశ్న: నా పికప్‌లో పీ0128 అని కోడ్ వస్తోంది. ముల్లు సగం కూడా ఎక్కడం లేదు. వేసవిలో ఇంజిన్ చల్లగా ఉండాలని పోయినేడాది థర్మోస్టాట్ వాల్వ్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వనిది) తీయించాను. సెన్సార్ మార్చాలా? (సూర్యాపేట)

జవాబు: సెన్సార్ నిజమే చెబుతోంది. ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కడం లేదని ఆ కోడ్ అర్థం. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. తీసిన వాల్వ్ తెచ్చి పెట్టించండి. డీజిల్ ఇంజిన్ 80 డిగ్రీల పైన నడవాలని కట్టినది. చల్లగా నడిస్తే డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ త్వరగా పాడవుతుంది, బోర్లు అరుగుతాయి. బీఎస్-6 బండి అయితే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఆ మసిని కాల్చుకునే పని కూడా వాయిదా పడుతూ పోయి మసి పేరుకుంటుంది. తమాషా ఏమిటంటే, కొన్ని ఇంజిన్లలో ఆ వాల్వ్ తెరుచుకుంటూ పక్కదారి ఒకదాన్ని మూస్తుంది. వాల్వ్ తీసేస్తే ఆ దారి తెరిచే ఉండి, వేడి నీళ్లు రేడియేటర్‌కు పోకుండా తిరిగి ఇంజిన్‌లోకే వెళ్లి, ఘాట్ ఎక్కేటప్పుడు అసలుకే మోసం వస్తుంది.

వాల్వ్ పెట్టాక పరీక్ష చేతితోనే చేయొచ్చు. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై గొట్టం మీద అప్పుడప్పుడు చెయ్యి వేసి చూడండి. చాలాసేపు చల్లగానే ఉండి, ముల్లు దాని చోటుకు చేరే వేళకు ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ మెల్లమెల్లగా వేడెక్కుతుంటే వాల్వ్ తెరుచుకునే ఉండిపోయింది.

ప్రశ్న: సార్, నేను వరంగల్‌లో ఐటీఐ డీజిల్ మెకానిక్ చదువుతున్నాను. టెంపరేచర్ సెన్సార్ వేడి చేస్తే ఓమ్‌లు తగ్గుతాయని క్లాసులో చెప్పారు. ఒక బీఎస్-6 బండి సైలెన్సర్ వైపున్న సెన్సార్ తీసి హీట్ గన్‌తో వేడి చేస్తే ఓమ్‌లు పెరిగాయి. అది పాడైనట్టా?

జవాబు: శభాష్, కొలిచి అడిగావు. పాడవలేదు బాబూ. కూలెంట్, గాలి, డీజిల్ టెంపరేచర్లు చూసేవి థర్మిస్టర్లు, మీ క్లాసులో చెప్పింది వాటి గురించే. పొగ గొట్టంలో వేడి అలాంటిది కాదు, డీపీఎఫ్ మసి కాల్చుకునేటప్పుడు 600 డిగ్రీల దాకా పోతుంది. అందుకని అక్కడ ఎక్కువగా ప్లాటినం తీగ ఉన్న సెన్సార్లు వాడతారు. ప్లాటినం వేడెక్కేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. పీటీ200 అనే రకం సున్నా డిగ్రీల దగ్గర 200 ఓమ్‌లు, గది వేడికి సుమారు 220, 600 డిగ్రీల దగ్గర 600 దాటి చూపిస్తుంది. కొన్ని బండ్లలో థర్మోకపుల్ ఉంటుంది. దానికి ఓమ్‌లు కొలిచి లాభం లేదు, అది మిల్లీవోల్టులు పుట్టిస్తుంది. ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకున్నాకే మీటర్ తియ్యి.

వాటి పరీక్షకు కూడా పొద్దున వేళే మంచిది. రాత్రంతా ఆగిన బండిలో టర్బో దగ్గరిది, డీపీఎఫ్ ముందుది, వెనకది అన్నీ గాలి వేడినే చూపాలి. ఒకటి తేడాగా ఉంటే దాని కప్లర్‌ను పక్కనున్న అదే రకం సెన్సార్‌కు మార్చి చూడు, వైరు అందితేనే. తప్పు అంకె సెన్సార్‌తో పాటు పక్కకు వెళ్లిందా, కప్లర్‌తోనే ఉండిపోయిందా చూస్తే సెన్సారో వైరో తేలిపోతుంది. ఈ సెన్సార్లు విప్పేటప్పుడు కేబుల్ మెలి తిప్పకు, లోపల సన్న తీగ తెగుతుంది. మర పట్టేసి ఉంటే తుప్పు వదిలే నూనె రాసి ఆగు. గొట్టం వేడిగా ఉంటే చల్లారేదాకా దగ్గరికి వెళ్లకు.

నువ్వు కొలిచిన సెన్సార్ గది వేడిలో ఎంత చూపించిందో, దాని మీద పార్ట్ నంబరు ఏముందో, కప్లర్‌కు ఎన్ని పిన్నులున్నాయో రాసి పంపు. మిగతాది వచ్చే సంచికలో చూద్దాం.